సంధి సంబరాల బాణసంచా: 1749 గ్రీన్ పార్క్‌లో తప్పంతా వానదేనా?

పాటలపిచ్చి
ఒక సందేహం తీర్చండి. ఆస్ట్రియా వారసత్వ యుద్ధం ముగిసిందని 1749 ఏప్రిల్ 27న లండన్ గ్రీన్ పార్క్‌లో భారీగా బాణసంచా కాల్చారు కదా, హాండెల్ సంగీతం కట్టింది దానికే. ఎక్కడ చదివినా "సంగీతానికి తగ్గట్టు జువ్వలు లేచాయి" అనే రాస్తున్నారు. కరెంటు లేదు, రిమోటు లేదు, చేత్తో వత్తి ముట్టించే రోజులు. తాళానికి తారాజువ్వని ఎలా కలిపారు? రెండోది, వాన పడి అంతా తుస్సుమందంటారు. మళ్ళీ వాళ్ళే బాణసంచా కాల్చడానికి కట్టిన మంటపం తగలబడిందంటారు. తడిసిన సరుకు తగలబడటమేంటి?

పాతకాగితాలు
కలపలేదు. ముందు సంగీతం, అది అయ్యాక 101 ఫిరంగులతో వందనం, ఆ తర్వాతే మందుగుండు. అప్పుడు ప్రకటించిన వరస ఇదీ. ఒక్కో స్వరానికి ఒక్కో జువ్వ అన్నది ఇప్పటి కచేరీలు చూసి అప్పటికి అంటగడుతున్న మాట. ఏప్రిల్ 21న వాక్స్‌హాల్ తోటలో జరిగిన రిహార్సల్‌కి రెండున్నర షిల్లింగుల టికెట్ పెడితే 12 వేల మందికి పైగా వచ్చారని పత్రికలు రాశాయి. లండన్ వంతెన మీద బళ్ళు మూడు గంటలు ఇరుక్కుపోయాయి. సంగీతం వినాలనుకున్నవాళ్ళకి అసలు రోజు కంటే ఆ రోజే నయం.

కంచుడప్పు
రాజుగారు రెండో జార్జికి ఫిడేళ్ళు వద్దట, యుద్ధ వాయిద్యాలే కావాలట. హాండెల్ మాత్రం ఫిడేళ్ళు పెడతానని పట్టు. దీని మీద, ఈ సంబరం ఏర్పాట్లు చూస్తున్న మాంటేగు ప్రభువు ఉత్తరాల్లో విసుక్కున్నాడు. ఆ ఏడు మే 27న ఫౌండ్లింగ్ హాస్పిటల్ కచేరీలో హాండెల్ ఫిడేళ్ళతోనే వాయించి తన పంతం నెగ్గించుకున్నాడు.

సూరేకారం
రెండో ప్రశ్నకి నేను చెప్తాను. "తడిస్తే కాలదు" అనేది సగమే నిజం.

ఇలాంటి ప్రదర్శనలో నిప్పు రెండు దారుల్లో నడుస్తుంది. ఒకటి మందు కూరిన గొట్టం: జువ్వ, చిచ్చుబుడ్డి, చక్రం. రెండోది ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి నిప్పు చేరవేసే వత్తి. నూలు దారానికి మందుపొడి పట్టించి ఆరబెట్టిన వత్తి బయట ఉంటే సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లే కాలుతుంది. అదే వత్తిని వదులుగా ఉన్న కాగితం గొట్టంలో దూర్చితే సెకనుకి కొన్ని మీటర్లు పరిగెత్తుతుంది. వేడి వాయువు ఆ సందులోంచి ముందుకి తోసుకుపోవడం వల్లే అంత వేగం. ఆ సందే ప్రాణం.

వాన పడితే మొదట పోయేది ఈ కాగితం గొట్టమే. మెత్తబడి వత్తికి అతుక్కుపోతుంది, సందు మూసుకుపోతుంది, వేగం చచ్చిపోతుంది. చక్రాలు ఒకేసారి వెలగాల్సినవి ఒక్కొక్కటీ నీరసంగా వెలుగుతాయి. కొన్ని చోట్ల నిప్పు ఆగిపోతుంది. కానీ గొట్టం లోపల దట్టించిన మందు పొడిగానే ఉండొచ్చు. దానికి ఒక్క రవ్వ తగిలితే చాలు. కాబట్టి ఒకే రాత్రి ఒక మూల తుస్సుమనడం, ఇంకో మూల అంటుకోవడం రెండూ జరగొచ్చు. అనుకున్న చోట వెలగలేదు, అనుకోని చోట వెలిగింది.

పాతకాగితాలు
దీనికి సాక్ష్యం ఉంది. అప్పటి రచయిత హొరేస్ వాల్పోల్ రాసిన ఉత్తరంలో జువ్వలు బాగానే లేచాయన్నాడు. చక్రాలూ, మిగతా అమరికలూ మాత్రం దయనీయంగా ఉన్నాయట. దీపాలు ఎంత మెల్లగా వెలిగించారంటే చివరిదాకా చూసే ఓపిక ఎవరికీ లేదట. జువ్వలు గొట్టపు వత్తి మీద అంతగా ఆధారపడవు, చక్రాలకి అది తప్పదు. సూరేకారం గారు చెప్పింది సరిగ్గా అతుకుతోంది.

గూటంమేస్త్రీ
వానని నమ్ముకుని అసలు దోషిని వదిలేస్తున్నారు. ఆ కట్టడం చూడండి. కట్టడాల రూపకర్త సెర్వాందోనీ గీసింది: మధ్యలో గుడి, రెండు పక్కలా స్తంభాల వరసలు, చివర్లో చెరో మంటపం. 410 అడుగుల పొడవు, 114 అడుగుల ఎత్తు. రాయిలా కనిపిస్తుంది కానీ లోపలంతా కలప చట్రం, పైన రంగు పూసిన గుడ్డ. నెలల తరబడి ఎండిన కర్ర. దాని మీద, దాని లోపల, దాని వెనకాల మందుగుండు. కాల్చేవాళ్ళు తిరిగేది కూడా ఆ చట్రం లోపలే.

ఇక చూడండి. చిచ్చుబుడ్డి మూతి నుంచి రవ్వలు ఎటు పడతాయో ముందే లెక్కేసుకోవాలి. ఆరడుగుల పూత పూసే బుడ్డి గాలికి వాలితే పక్కకి ఇంకో ఆరడుగులు చిమ్ముతుంది. అక్కడ గుడ్డ ఉంటే అంతే. పైగా పక్క అర కోసం సిద్ధం చేసి, ఇంకా వెలిగించని సరుకు మూతలు తీసి ఉంటుంది. కుడి పక్క మంటపం అంటుకున్నది అందుకే. వడ్రంగులు కలిపే కమానులు నరికి పడేయబట్టి మిగతాది దక్కింది. వాన కురిసింది కాబట్టి ఇంకా తక్కువలో పోయింది అని నా లెక్క.

సూరేకారం
మేస్త్రీ గారూ, ఎండిన కర్ర అంటారు, మళ్ళీ వాన కురిసిందంటారు. తడి గుడ్డ అంత త్వరగా అంటుకోదు కదా?

గూటంమేస్త్రీ
పై పొర తడిసింది. లోపలి పక్క పొడే. నిప్పు పుట్టింది లోపల.

నిప్పుకోడి
మరి సెర్వాందోనీ కత్తి దూసిన కథ ఎక్కడ పోయింది? అసలు సినిమా అదే కదా :)

పాతకాగితాలు
వస్తున్నా. మంటపం కాలుతుంటే సెర్వాందోనీకి కోపం నషాళానికంటింది. మందుగుండు వ్యవహారం మొత్తానికి అధికారి అయిన చార్లెస్ ఫ్రెడరిక్ మీద కత్తి దూశాడు. పట్టుకుని కూర్చోబెట్టి, మర్నాడు క్షమాపణ చెప్పాక వదిలారు.

నా దృష్టిలో కారణం ఇక్కడే ఉంది, వానలోనో కర్రలోనో కాదు. కట్టడం గీసింది సెర్వాందోనీ. మందుగుండు రూపకల్పన బొలోన్యా నుంచి వచ్చిన రుజియేరీ, ఇంకో ఇటాలియన్ సార్టీ. వెలిగించే పెత్తనం ఇంగ్లీషు సైన్యపు ఆయుధశాలది: పైన ఫ్రెడరిక్, కింద కెప్టెన్ డెసాగులియర్స్. గీసినవాడికి వెలిగించే హక్కు లేదు, వెలిగించేవాడికి గీసినవాడి లెక్క తెలీదు. "ఇది ఆపు" అని ఒక్క మాటతో ఆపగలిగే మనిషి ఆ మైదానంలో లేడు.

పారిస్‌లో కూడా ఇదే సంధి సంబరాల్లో ఫ్రెంచివాళ్ళూ ఇటాలియన్లూ "ముందు మేం వెలిగిస్తాం" అని గొడవపడి ఇద్దరూ ఒకేసారి ముట్టిస్తే అంతా పేలిపోయి నలభై మంది పోయారని, దాదాపు మూడొందల మంది గాయపడ్డారని వాల్పోల్ అదే ఉత్తరంలో రాశాడు. లండన్‌లో ఇద్దరే పోయారని కూడా అతనే రాశాడు. అతనికి కొంచెం కారం ఎక్కువ వేసే అలవాటుంది, అది గుర్తుంచుకుని చదవండి.

నిప్పుకోడి
సంధి కోసం కాలుస్తూ యుద్ధం. భలే.

పాటలపిచ్చి
జువ్వలు బాగానే లేచాయంటున్నారు. మరి జువ్వ జనం మీదికి పోయి ఓ అమ్మాయి బట్టలకి నిప్పంటుకుందని చదివాను. అది వాన వల్లా?

తోకచుక్క
జువ్వ దారి తప్పడానికి వానే అక్కర్లేదు, కర్ర చాలు. గొట్టానికి ఆరేడు రెట్లు పొడవున్న కర్ర ఉండాలి. మూతికి కాస్త దిగువన వేలి మీద ఆనిస్తే అటూ ఇటూ వాలకుండా నిలవాలి. కర్ర పొట్టిదైతే జువ్వ గింగిరాలు కొడుతుంది. బరువెక్కితే బద్ధకంగా లేచి వంగిపోతుంది. తడిసి వంకర తిరిగితే పక్కకి కోస్తుంది.

గాలి సంగతి ఇంకా తమాషా. మందు మండుతున్నంతసేపూ జువ్వ గాలికి ఎదురు తిరుగుతుంది, ఎందుకంటే గాలి తోకని నెడుతుంది, తల ఎదురు పోతుంది. మందు అయిపోయాక ఉత్త గొట్టం, కర్ర గాలివాటున కొట్టుకొచ్చి పడతాయి. అందుకే జనాన్ని గాలికి ఎదురు వైపున దగ్గరగా పెట్టినా తప్పే, గాలివాటున పెట్టినా తప్పే. ఆ రాత్రి పది వేలకు పైగా జువ్వలు. అంటే పది వేల కర్రలు కిందికి రావాలి. పెద్ద జువ్వల కర్ర నెత్తిన పడితే సరదాగా ఉండదు.

బొగ్గులకుప్ప
కాలక ఆగిపోయిన సరుకు ఏమైందో ఎవరూ చెప్పలేదు. రిచ్‌మండ్ ప్రభువు చవగ్గా కొనేసి మే 15న వైట్‌హాల్ దగ్గర తన ఇంటి ముందు, థేమ్స్ నది మీద కాల్చాడు. బాగానే కాలింది. అంటే పద్దెనిమిది రోజుల తర్వాత అదే సరుకు పనిచేసిందన్నమాట. వాన వాదం ఇక్కడితో సరి.

సూరేకారం
సరి కాదు. మిగిలింది ఏ మూలదో చూడాలి. కప్పు కింద ఉన్నది పొడిగా మిగిలింది, తడిసినది తడిసింది. తడిసి ఆరిన సరుకు నమ్మకూడదు అన్నది అందరికీ తెలిసిన మాటే: సూరేకారం నీళ్ళలో కరిగి, ఆరేటప్పుడు పైకి చేరి గడ్డకడుతుంది. దట్టించిన మందులో సన్నటి పగుళ్ళు వస్తాయి. జువ్వ వెలిగించగానే నిప్పు ఆ పగుళ్ళలోకి దూరి ఒక్కసారిగా మండుతుంది, గొట్టం నేల మీదే బద్దలవుతుంది. రిచ్‌మండ్ దగ్గర అలా జరగలేదంటే ఆయన కొన్నది తడవని సరుకు.

గూటంమేస్త్రీ
నదిలో పడవ మీద కాల్చాడు, కర్ర మంటపం లేదు, కాలిపోలేదు. నా వాదనకి ఇంతకంటే ఏం కావాలి?

పాతకాగితాలు
పైగా యజమాని ఒక్కడే. నా వాదనకీ అదే సాక్ష్యం :)

నిప్పుకోడి
ఒక్క రిచ్‌మండ్ ప్రభువుని ముగ్గురూ పంచేసుకున్నారు.

రంగులరాట్నం
ఒక రంగు బొమ్మ చూశాను, 1749 అని రాసి ఉంది, ఆకాశమంతా ఎర్రా పచ్చా నీలం పూలు. నిజమేనా?

గంధకం
కాదు. బొమ్మకి రంగు ఎవరైనా వేయొచ్చు. 1749లో చేతిలో ఉన్నవి సూరేకారం, గంధకం, బొగ్గు, ఇనుప రజను, ఇంకా అలాంటివే కొన్ని. వాటితో బంగారు రంగు, రాగి ఛాయ, తెలుపు వస్తాయి, అంతే. "రంగుల మార్పు లేదు" అని వాల్పోల్ సణిగాడు కూడా.

ముదురు ఎరుపుకి స్ట్రాన్షియం, ఆకుపచ్చకి బేరియం, నీలానికి రాగి కావాలి. ఇవి కూడా సూరేకారంతో కలిపితే పాలిపోతాయి, మంట వేడీ చాలదు, క్లోరిన్ కూడా అందదు. పొటాషియం క్లోరేట్ వచ్చాకే పని జరిగింది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త బెర్తొలే దాన్ని 1780లలో తయారుచేశాడు, బాణసంచాలోకి 1830ల నాటికి బాగా దిగింది. మెగ్నీషియం, అల్యూమినియం మెరుపులు ఆ తర్వాతి సంగతి.

క్లోరేట్‌తో ఒక ప్రమాదం ఉంది. గంధకంతో కలిపితే రాపిడికే, ఒక్కోసారి నిల్వలోనే అంటుకుంటుంది. ఎన్నో చావుల తర్వాత బ్రిటన్ 1894లో ఆ కలయికని నిషేధించింది. కాబట్టి పాత పుస్తకాల్లో కనిపించే ఎర్రమంట పాళ్ళు చూసి ఎవరూ చేతులు పెట్టకండి.

రంగులరాట్నం
అయితే క్రిమియా యుద్ధం ముగిసినప్పుడు రంగులు ఉండి ఉంటాయి?

గంధకం
ఉన్నాయి. 1856 మార్చి 30న పారిస్ సంధి, మే 29న లండన్‌లో బాణసంచా. అప్పటికి క్లోరేట్ రంగులు మామూలే.

పాతకాగితాలు
దాంట్లో నాకు నచ్చింది రంగు కాదు, ఏర్పాటు. గ్రీన్ పార్క్, హైడ్ పార్క్, విక్టోరియా పార్క్, ప్రిమ్‌రోజ్ హిల్, నాలుగు చోట్లా ఒకేసారి కాల్చారు. సరుకు అంతా వూలిచ్ ఆయుధశాలది. జనం నాలుగు ముక్కలయ్యారు, ఒక్క చోట తొక్కిసలాట తప్పింది. 1749లో చేయని పని ఇదే.

గూటంమేస్త్రీ
1814ని మర్చిపోతున్నారు. నెపోలియన్ పని అయిపోయిందని ఆగస్టు 1న లండన్ పార్కుల్లో జాతర చేశారు. సెయింట్ జేమ్స్ పార్క్ కాలువ మీద వాస్తుశిల్పి నాష్ కట్టిన వంతెన, దాని మీద ఏడంతస్తుల చైనా పగోడా, దానికి గ్యాస్ దీపాలు, పైన మందుగుండు. అంటుకుంది. పై అంతస్తులు కూలి నీళ్ళలో పడ్డాయి, ఇద్దరు చనిపోయారు. 65 ఏళ్ళ తర్వాత మళ్ళీ అదే తప్పు: కర్ర కట్టడం, దాని మీదే నిప్పు. ఏడంతస్తుల కర్ర గోపురం అంటుకుంటే గాలి కింద నుంచి పైకి లాగుతుంది, కట్టెల పొయ్యికి గొట్టం బిగించినట్టే. పైనున్న మనిషి దిగడానికి ఒకే మెట్లు, ఆ మెట్లే పొగగొట్టం.

తోకచుక్క
అదే రోజు గ్రీన్ పార్క్‌లో కాంగ్రీవ్ చేసింది మాత్రం మెచ్చుకోవాలి. యుద్ధ రాకెట్ల కాంగ్రీవే. ముందు కోట కనిపిస్తుంది, బాణసంచా పొగ కమ్మేస్తుంది, పొగ విడేసరికి కోట పోయి సామరస్య దేవాలయం నిలుస్తుంది. పైన చుట్టిన తెరలు పొగలో లాగేయడమే కిటుకు. మందుపొగ తెల్లగా, దట్టంగా ఉంటుంది, గాలి లేకపోతే నిమిషాల తరబడి కదలదు. మిగతావాళ్ళకి అది బెడద, ఆయన పనికి వాడుకున్నాడు.

బొగ్గులకుప్ప
ఏడు నెలలు తిరిగేసరికి నెపోలియన్ ఎల్బా దాటి వచ్చేశాడు. సామరస్య దేవాలయం హుళక్కి!

నిప్పుకోడి
1749లో సంబరాలు చేసుకున్న సంధీ 1756 దాకే. పొగ విడేలోపు మళ్ళీ యుద్ధం.

పాతకాగితాలు
ఈ కోట కాల్చే ఆలోచన పాతదే. ముప్పయ్యేళ్ళ యుద్ధం తర్వాత 1650లో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో సేనాపతి పికొలోమిని చేయించిన బాణసంచాలో కలహదేవత కోటని కాల్చేశారు. అక్కడ కట్టడం తగలబడటమే కార్యక్రమం. మేస్త్రీ గారికి ఇది నచ్చుతుందనుకుంటా.

గూటంమేస్త్రీ
నచ్చింది. కాలాల్సింది కాలింది.

రంగులరాట్నం
మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిందని 1919లో అక్షరాలతో, ముఖాలతో బొమ్మలు వెలిగించారు కదా, అవి ఎలా చేస్తారు?

చిచ్చుబుడ్డి
కర్ర చట్రం మీద సన్న మతాబులు. ఒక్కోటి పెన్సిల్ లావు, వేలి పొడవు, నిమిషం దాకా కాలుతుంది. బొమ్మ గీత వెంట పది సెంటీమీటర్లకి ఒకటి చొప్పున బిగిస్తారు. మనిషెత్తు అక్షరానికి గీతలన్నీ కలిపితే ఆరు మీటర్లు అనుకుంటే అరవై మతాబులు. మూతులన్నీ తాకుతూ గొట్టపు వత్తి నడుస్తుంది, ప్రతి మూతి దగ్గరా గొట్టానికి చిల్లు పెట్టి మందు ముద్దతో అతకాలి.

అడ్డంగా, చూసేవాళ్ళ వైపు పొడుచుకొచ్చేలా బిగించాలి. నిలువుగా నిలబెడితే బూడిద మూతి మీదే పేరుకుని మంట మసకబారుతుంది. వత్తి రెండు చివర్ల నుంచీ ముట్టిస్తే ఒక చోట తెగినా రెండో వైపు నుంచి అందుతుంది. ఒక్క వైపు నుంచే ముట్టించి మధ్యలో ఆగితే రాజుగారికి సగం మీసమే వెలుగుతుంది.

నిప్పుకోడి
తెలుగులో "శాంతి" అని వెలిగించాలంటే ఆ వంపులకి సరుకు సరిపోదు.

చిచ్చుబుడ్డి
వంపుల దగ్గర ఎనిమిది సెంటీమీటర్లకి ఒకటి పెట్టాలి, లేకపోతే మూలలు కనపడతాయి. దీర్ఘానికి విడిగా తీగ.

కంచుడప్పు
1919 జులై 19 శాంతి దినోత్సవం అనగానే నాకు గుర్తొచ్చేది బాణసంచా కాదు, ఇంగ్లండ్‌లోని లూటన్ ఊరు. మేయరు విందుకి యుద్ధం చేసొచ్చినవాళ్ళకి పిలుపు లేదు, తోటలో చనిపోయినవాళ్ళకి ప్రార్థన పెట్టుకుంటామంటే అనుమతి లేదు. ఆ రాత్రి టౌన్ హాలే తగలబెట్టారు. ఎవరికోసం కాలుస్తున్నామో వాళ్ళని అడగకుండా కాలిస్తే ఇంతే.

బొగ్గులకుప్ప
ఇప్పుడైనా అంతే కదా. ముందు వరసలో యుద్ధం చేసొచ్చినవాళ్ళని కూర్చోబెట్టి నెత్తి మీద ఔట్లు (గొట్టంలోంచి పైకెగిరి పేలే గుండ్లు) పేలుస్తారు.

ఔటుగొట్టం
దానికి మార్గం ఉంది. ఔటులో రెండు మందులు: కింద ఎగరేసే మందు, లోపల బద్దలుకొట్టే మందు. చెవులు బద్దలయ్యే చప్పుడు ఎక్కువగా మెరుపుమందుతో చేసిన ఉత్త శబ్దపు ఔట్లది. అవి తీసేసి, లోపలి పగిలే మందు తగ్గించి, నెమ్మదిగా జారే బంగారు తీగల పూలు పెడితే చప్పుడు బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు, ఎగరేసే "ధబ్" ఉంటుంది. ఏ నిమిషానికి మొదలవుతుందో, ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పడం దీనికంటే ముఖ్యం. ఎదురుచూడని పేలుడే ఎక్కువ బాధ పెట్టేది.

ఇక పైన సాగిన వాదనకి ఇప్పటి జవాబు. కట్టడం మీద కాల్చకండి, నేల మీద గొట్టాలు పెట్టండి. ఎగరేసే మందు పాత లెక్క ఔటు బరువులో పదహారో వంతు. ఔటు అడ్డుకొలతలో అంగుళానికి వంద అడుగుల ఎత్తు వేసుకోవచ్చు: మూడంగుళాల ఔటు మూడొందలు, ఆరంగుళాలది ఆరొందలు. జనం దూరానికి అమెరికా ప్రమాణం అంగుళానికి డెబ్భై అడుగులు: మూడంగుళాలకి 210 అడుగులు, ఆరంగుళాలకి 420. గాలి ఎక్కువైతే ఈ దూరం చాలదు, పెంచాలి లేదా ఔటు చిన్నది చేయాలి. గొట్టం కొద్దిగా జనానికి అవతలి వైపు వంచాలి. వాన భయం ఉంటే గొట్టాల మూతులకి పల్చటి రేకు కాగితం కట్టాలి, ఔటు దాన్ని చీల్చుకునే పోతుంది.

పాటలపిచ్చి
ఇప్పుడు సంగీతానికి కలిపేది ఎలా మరి?

ఔటుగొట్టం
ముట్టించింది మొదలు పేలేదాకా పట్టే సమయం వెనక్కి లెక్కేసి. మూడంగుళాల ఔటుకి మూడు సెకన్లు, ఆరంగుళాలకి నాలుగైదు. తాళం 60వ సెకనులో పడాలంటే మూడంగుళాలది 57లో ముట్టాలి. కరెంటు వత్తి వెంటనే ముట్టుకుంటుంది కాబట్టి ఇది సాధ్యం, చేత్తో అయితే అసాధ్యం. పేలుడు కంటికి వెంటనే కనిపిస్తుంది, చెవికి 220 మీటర్ల నుంచి ముప్పావు సెకనులోపు చేరుతుంది. కాబట్టి తాళాన్ని వెలుగుకి కలపాలి, చప్పుడుకి కాదు.

తోకచుక్క
అయిపోయాక సంగతి కూడా చెప్పండి, జనం అక్కడే ప్రాణాల మీదికి తెచ్చుకుంటారు.

ఔటుగొట్టం
పేలని గొట్టం మీదికి తల, చెయ్యి వంచకూడదు. ముందు తీగలు పీకేయాలి, ఆగాలి, తర్వాత గొట్టంలో నీళ్ళు పోసి వదిలేయాలి. మళ్ళీ ముట్టించే ప్రయత్నం వద్దు. పైకెగిరి పేలకుండా పడ్డవాటి కోసం రాత్రే టార్చిలతో గాలివాటు వైపు నేలంతా వెతకాలి, తెల్లారగానే పిల్లలు రాకముందే ఇంకోసారి. దొరికింది తన్నకండి, జేబులో వేసుకోకండి.

గూటంమేస్త్రీ
దొరికిన కర్రలు కూడా ఏరించండి. మొనలు నేల్లో దిగబడి ఉంటాయి.